మంట యను మాట

పొన్నూరునుండి తూర్పుగా సాగినచో కృష్ణా పశ్చిమడెల్టా కాలువలవెంట వరిచేలును, వరి కోసిన పిమ్మట ఆ మాగాణి తడిలోనే మొలకెత్తిన మినుపచేలును కనబడును. పడమరగా పెదనందిపాడు దారి పట్టినచో నీరు తరిగి, నేల నల్లబడి, కొంతదూరమునకే పత్తియు మిరపయు మొదలగును. సంక్రాంతి దాటి ఉగాది వచ్చువరకు ఆ పడమటి చేలలో మిరపకోతలు సాగుచుండును. కల్లములలో ఎండబోసిన కాయల ఘాటు గాలిలో నిలిచి, దారిన పోవువానికి సయితము తుమ్ము తెప్పించును. తెల్లవారకముందే ఆటోలలో క్రిక్కిరిసి కోతకు పోవు స్త్రీలు కొందరైతే, గుంటూరు మిర్చియార్డు చుట్టునున్న గోడౌనులలో తొడిమలు తీయుటకును, తాలుకాయలు ఏరుటకును కూర్చుండువారు మరికొందరు. వీరి చేతులు మంటకు అలవాటుపడిన చేతులు.

వీరిలో ఒకామె ఒకనాడు పొన్నూరులో బస్సెక్కి, సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణించి, గుంటూరు పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ వ్రాయించుకొని బారులో నిలిచినదనుకొందము. ఆమె వంతు వచ్చుటకు ముందు, మెడలో కొత్త స్టెతస్కోపు వ్రేలాడుచుండగా, చేతిలో పుస్తకముతో ఒక విద్యార్థి ఆమెను సమీపించును. ఇరువదియొకటి, ఇరువదిరెండేండ్లవాడు, మూడవ సంవత్సరము చదువుచున్నవాడు, రోగిని ప్రశ్నించి వివరములు వ్రాసికొనుట అతనికి నేటి పాఠము.

"ఏంటమ్మా బాధ?"

"అరిచేతులు మంటలు బాబూ. రాత్రుళ్ళు కంటిమీద కునుకుండదు."

విద్యార్థి తన పుస్తకములో, తన పాఠ్యగ్రంథము నేర్పిన భాషలో, రెండు అరచేతులయందును మండినట్లుండు అనుభూతి యని వ్రాసికొనును. ఆ వ్రాత తప్పు కాదు. కాని ఆ వ్రాత దగ్గరనే ఆగిపోయినచో అతడు వైద్యుడు కానేరడు. మంట యను ఒక్క మాట వెనుక ఎన్ని దారులున్నవో, ఆ దారులలో ఆమె ఏ దారిన వచ్చినదో తెలిసికొనవలెనన్న అతనికి గల సాధనము ఒక్కటే: మరియొక ప్రశ్న, ఆ ప్రశ్నకు వచ్చు జవాబును తుదివరకు వినుట. వైద్యములోని మానవీయతను గూర్చి మాట్లాడువారు సాధారణముగా దానిని శాస్త్రమునకు పైన పూయు గంధమువలె, ఉన్నచో మంచిదే, లేకున్నను పని జరుగును అన్నట్లు మాట్లాడుదురు. ఈ అధ్యాయములో నేను చెప్పదలచినది అందుకు భిన్నమైనది. రోగి మాట వినుట శాస్త్రమునకు వెలుపలనుండు దయ కాదు, శాస్త్రములోని పరికరమే.

మంట యను మాటనే మొదట పరిశీలింతము. తెలుగులో మంట యనగా అగ్నిజ్వాల. పచ్చిమిరపకాయ కొరికినపుడు నాలుకపై పుట్టునదియు మంటయే. గాయముపై ఉప్పు పడినపుడు మంట. ఎండలో తిరిగివచ్చిన కన్నులలో మంట. అన్నము వేళకు తినని కడుపులో మంట. నిప్పునకును మిరపకును ఒకే పేరు పెట్టిన మన పూర్వులు ఉపమానమును పట్టుకొని ఆ పని చేసిరని పండితులు తలపవచ్చును. కాని 1997లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము శాన్‌ఫ్రాన్సిస్కో శాఖయందు డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును మిరపలోని కాప్సైసిన్ అను పదార్థమును పట్టుకొని బయలుదేరి, అది నాడీతంతువుల చివర ఏ ప్రోటీనును తాకుచున్నదో వెదకి పట్టినపుడు తేలినదేమనగా, ఆ ప్రోటీను మిరపకు మాత్రమే కాక, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిమికిని తెరచుకొనుచున్నది. అనగా దేహమునకు నిప్పును మిరపయు తట్టు తలుపు ఒక్కటే. నాడులు మెదడునకు పంపు వార్త రెండు సందర్భములలోను ఒక్కటే. మన భాష ఎన్నడో చెప్పిన మాటను ప్రయోగశాల అక్షరాలా ధ్రువపరచినది. ఈ పరిశోధనకు జూలియస్‌కును, స్పర్శను, ఒత్తిడిని గ్రహించు ప్రోటీనులను కనుగొనిన ఆర్డెమ్ పటపూటియన్‌కును కలిపి 2021లో నోబెల్ బహుమతి నిచ్చిరి. పక్షులలో ఈ ప్రోటీను కొంచెము వేరుగానుండుటచే కాప్సైసిన్ వానికి సోకదు. రామచిలుక పండుమిరపకాయను తీయని పండువలె తినుటకు కారణమదియే.

ఇక ఆ స్త్రీ చేతులకు వత్తము. కాప్సైసిన్ కాయలోని గింజలను పట్టియుంచు తెల్లని పొరయందు, తొడిమకు దగ్గరగా, విశేషముగా నుండును; కనుక తొడిమ తీయువారి వ్రేళ్ళకు అది కోయువారి వ్రేళ్ళకన్న ఎక్కువగా అంటును. అది నీటిలో కరగదు, నూనెలో కరగును. అందుచే ఎన్నిసారులు నీళ్ళతో కడిగినను పోని మంట, నూనె రాచి తుడిచి సబ్బుతో కడిగినచో తగ్గును. ఇది ఒక దారి. రెండవది మధుమేహము. చక్కెర ఏండ్ల తరబడి రక్తములో హెచ్చియుండుటచే నాడులు చెడును. అందును పొడుగైన నాడులు ముందు చెడును గనుక మంట మొదట పాదములలో పుట్టి, పైకి ప్రాకి, చాల కాలమునకుగాని చేతులను చేరదు. మూడవది బి12 విటమిను కొరత. మరికొన్నియు గలవు. వీనిలో ఏదియో తేల్చుటకు విద్యార్థి అడుగవలసినవి ఎంత సామాన్యమైన ప్రశ్నలు! "ఏం పని చేస్తావమ్మా? ఈ మంట కోతల రోజుల్లోనేనా, ఏడాది పొడుగునా? అరికాళ్ళలో కూడా ఉందా? ముందు కాళ్ళలో వచ్చిందా, చేతుల్లో వచ్చిందా?" ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుటకు ఆమెకు ఒక నిమిషము పట్టును. ఆ నిమిషము ఆమెకు దక్కనిచో ఆమె మిరపమంటకు మధుమేహపు పరీక్షలు చేయించుకొని ఇంటికి పోవును. లేదా మధుమేహమును మిరపమంటగా తలచి మరి రెండేండ్లు తొడిమలు తీయుచుండును.

జ్వరమును కొలచుటకు ధర్మామీటరు కలదు. రక్తపోటునకు యంత్రము కలదు. చక్కెరకు రక్తపు బొట్టు చాలును. బాధను కొలచు యంత్రము నేటికిని లేదు. బాధకు సాక్షి ఆ బాధపడువాడొక్కడే. ఆ సాక్ష్యము అతని నోటనుండి, అతని ఊరి మాటలలో రావలసినదే. ఇచ్చట మన విద్యార్థికి ఎదురగు చిక్కు మిక్కిలి గట్టిది. అతడు వైద్యమును ఆంగ్లములో నేర్చుకొనుచున్నాడు. రోగి తెలుగులో బాధపడుచున్నాడు. నీరసమని ఒకామె చెప్పును. ఆ నీరసము రక్తహీనత కావచ్చును, థైరాయిడు లోపము కావచ్చును, పెద్దకొడుకు పోయిన దిగులు కావచ్చును. వేడిచేసినదని ఒకడు చెప్పును. నోటిపూతయా, సెగగడ్డయా, మూత్రములో మంటయా అనునది మరల అడుగకున్న తెలియదు. ఆయాసమని చెప్పినవానికి ఊపిరి అందకపోవుటయు కావచ్చును, ఉత్త అలసటయు కావచ్చును. గుండెలో గుబులు అను మాటకు పాఠ్యగ్రంథములో సరియైన పదమే లేదు. గుండె కొట్టుకొనుట హెచ్చినదని అనువదించినచో అందులోని భయము జారిపోవును, భయమని అనువదించినచో గుండె జారిపోవును.

కళ్ళు తిరుగుచున్నవి అను మాటను తీసికొందము. పొన్నూరు ప్రాంతపు పల్లెలలో ముసలివారు ఆసుపత్రికి వచ్చి చెప్పు మాటలలో ఇంతకన్న సామాన్యమైనది లేదు. ఇంతకన్న అస్పష్టమైనదియు లేదు. పడకపై ఒత్తిగిలినపుడు ఇల్లంతయు గిర్రున తిరిగినట్లున్నచో, లోచెవిలో మన నిలకడను కాపాడు అర్ధవృత్తనాళికలలోనికి సున్నపు రేణువులు జారిపడినవని ఊహింపవచ్చును. దానికి మందు కూడ అక్కరలేదు, తలను కొన్ని భంగిమలలో త్రిప్పి ఆ రేణువులను స్వస్థానమునకు చేర్చవచ్చును. కూర్చున్నవాడు లేచి నిలుచున్నపుడు కళ్ళు చీకట్లు కమ్మినట్లున్నచో అది రక్తపోటు పడిపోవుట. రక్తపోటునకు వాడు బిళ్ళలే దానికి కారణము కావచ్చును. మధ్యాహ్నము అన్నము ఆలస్యమైనపుడు చెమటలు పట్టి కళ్ళు తిరిగినచో, చక్కెరకు వేసికొను బిళ్ళ చక్కెరను మితిమించి తగ్గించినది. మూడింటికిని వైద్యము వేరు. ఒకదానికి చేయవలసినది మరియొకదానికి చేసినచో హాని. "ఇల్లు తిరిగినట్టుందా తాతా, కళ్ళు చీకట్లు కమ్మినట్టుందా?" అని అడుగగల విద్యార్థి ఆ ఒక్క ప్రశ్నతో చేయు పని, తలకు తీయించు స్కానింగు చాలసారులు చేయలేదు. ఆ ప్రశ్న అతనికి ఏ ఆంగ్లగ్రంథమును నేర్పదు. ఇంట అమ్మమ్మ మాట్లాడగా విన్న తెలుగే నేర్పవలెను. తెలుగు పల్లెలలో పుట్టి పెరిగి, వైద్యకళాశాలలో చేరిన పిమ్మట ఆ తెలుగును మోటుమాటగా తలచి విడిచిపెట్టు బిడ్డలను చూచినపుడు, తన పనిముట్టును తానే గట్టునకు విసరివైచిన సేద్యగాడు గుర్తుకు వచ్చును.

ఇది నా ఒక్కని అభిప్రాయము కాదు, కొలచి చూచినవారున్నారు. 1975లో ఇంగ్లండులో హాంప్టన్ అను వైద్యుడును సహచరులును బయటిరోగుల విభాగమునకు కొత్తగా వచ్చిన 80 మందిని పరీక్షించి, రోగనిర్ణయము ఏ దశలో జరుగుచున్నదో లెక్కించిరి. పంపిన వైద్యుని ఉత్తరము చదివి, రోగి చెప్పిన వృత్తాంతము విన్నంతనే చేసిన నిర్ణయము 66 మంది విషయములో తుదివరకు నిలిచినది. దేహపరీక్ష మరి ఏడుగురి విషయములోను, ప్రయోగశాల మరి ఏడుగురి విషయములోను నిర్ణయమును మార్చినవి. నాటికి నేటికి యంత్రములు ఎంతయో పెరిగినవనుట నిజమే. కాని ఏ యంత్రమును ఎవరికి వాడవలెనో చెప్పునది మరల ఆ వృత్తాంతమే.

వృత్తాంతమునకు ఇంత విలువ యున్నపుడు వైద్యులు దానిని ఎంతసేపు వినుచున్నారు? 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనువారు 74 సందర్శనములను టేపుపై రికార్డు చేసి విని, రోగి తాను వచ్చిన పని చెప్పనారంభించిన సగటున 18 సెకండ్లకే వైద్యుడు అడ్డుపడుచున్నాడని కనుగొనిరి. 74 మందిలో తన తొలిమాటను పూర్తిచేయగలిగినవారు 17 మందియే. అడ్డుపడకున్నచో రోగులు గంటల తరబడి చెప్పుకొనుచు కూర్చుందురేమో అను భయము వైద్యులందరకును కలదు. 2002లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరపు ఆసుపత్రిలో ఆ భయమును పరీక్షకు పెట్టిరి. వైద్యులను నోరు మెదపక వినుమని చెప్పి, దాచియుంచిన గడియారముతో 335 మంది రోగుల మాటలను కొలచిరి. సగటున రోగి తనంతట తాను 92 సెకండ్లలో ముగించెను. నూటికి 78 మంది రెండు నిమిషములలోపలనే ఆగిరి. ఐదు నిమిషములు దాటినవారు ఏడుగురు మాత్రమే, వారు చెప్పినదియు వ్యర్థము కాదని వైద్యులే ఒప్పుకొనిరి.

అయినను మన ఆసుపత్రులలోని వైద్యులను నిందించుట న్యాయము కాదు. 67 దేశముల వివరములను సమీకరించి 2017లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ప్రాథమిక వైద్యమున ఒక్కొక్క రోగికి లభించు కాలము స్వీడనులో 22 నిమిషముల పైచిలుకు కాగా, బంగ్లాదేశములో 48 సెకండ్లని తేలినది. మన దేశము రెండు నిమిషముల దగ్గర నిలిచినది. గుమ్మము దాటి వరండా పొడుగునను సాగిన బారును తలయెత్తి చూచిన ఏ వైద్యునకైనను చేయి తొందరపడును. అట్టిచోట విద్యార్థియే మిగిలిన ఆశ. పెద్ద వైద్యునకు లేని తీరిక విద్యార్థికి కలదు. అతడు చికిత్స చేయలేడు, మందు వ్రాయలేడు, వినగలడు. ఆసుపత్రిలో వినుటకు సమయమున్న తెల్లకోటు అతనిదొక్కటే.

ఆ శక్తి అతనియందు నిలుచునా? అమెరికాలో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్యకళాశాలయందు హోజత్ అను పరిశోధకుడును సహచరులును 456 మంది విద్యార్థులను ఏటేట ప్రశ్నించి, పరుల బాధను గ్రహించు గుణమును ఒక కొలబద్దతో కొలచిరి. 2009లో వారు ప్రకటించిన ఫలితము ప్రకారము మొదటి రెండేండ్లు ఆ గుణము నిలకడగా నుండి, మూడవయేట, అనగా విద్యార్థి పుస్తకముల గది విడిచి వార్డులో అడుగుపెట్టిన యేటనే, స్పష్టముగా తగ్గినది. ఇతర దేశములలో జరిగిన పరిశీలనలన్నియు ఒకేరీతిగా చెప్పుటలేదు. కొన్నిచోట్ల తగ్గుదల కనబడలేదు. ఐనను రోగిని చేరవలసిన యేటనే రోగినుండి దూరమగుట ఒక్క కళాశాలలో జరిగినను ఆలోచింపదగినదే. బిడ్డ రాయిగా మారుటచే ఇది జరుగునని నేననుకొనను. తట్టుకొనలేనిదానిని చూచినపుడు మనస్సు తలుపు మూసికొనును. మొదటియేట శవచ్ఛేదనశాలలో అడుగుపెట్టిన దినమునుండి ఈ తలుపు మూయుట అతనికి అభ్యాసమగును. ఫార్మలిను వాసన కన్నులను మండించుచుండగా, రాతిబల్లపై పడుకొన్నవాడు ఎవరి తండ్రియో, ఏ ఊరివాడో తలపోయక, కండరమునకు కండరమును విడదీయుట నేర్చుకొన్నవాడే పరీక్షలో నెగ్గును. ఆ నేర్పు శస్త్రవైద్యునకు అవసరమే. అదే చూపు ప్రాణమున్నవానిపైకి ప్రసరించుటలోనే ప్రమాదము. పేరు పోయి, మంచము నంబరు మిగులును. మంచము నంబరును పోయి, కాలేయము మిగులును.

ఈ ప్రాంతపు విద్యార్థి ఆ తలుపు మూసికొనుటకు అందరికన్న ఎక్కువగా ప్రలోభపడు చోటొకటి కలదు. దానిని చెప్పుటకు మరియొక తెలుగుమాట కావలెను. మందు. రోగము పోగొట్టునది మందు. పత్తిపైని పురుగును చంపునదియు మందే. పైరుకు మందు కొట్టుట అందురు. అర్ధరాత్రి అత్యవసర విభాగము ముంగిట ఆటో ఆగి, "మందు తాగాడయ్యా" అని ఎవరో కేక వేసినపుడు అది ఏ మందో గుంటూరు విద్యార్థికి ఎవ్వరును వివరింపనక్కరలేదు. చేలో గాలికి ఎదురుగా నిలిచి, ముఖమునకు గుడ్డయైనను లేక పిచికారీ చేసినవాడును ఇదే విషముతో వచ్చును. పత్తికిని మిరపకును వాడు మందులలో ఆర్గానోఫాస్ఫేటులను జాతి, నాడి కండరముతో మాట్లాడు భాషనే చెరచును. నాడి చివర అసిటైల్‌కోలీన్ అను రసాయనము విడుదలై, పని చెప్పి, క్షణములో ఒక ఎంజైముచే తుడిచివేయబడవలెను. 1921లో ఒట్టో లోవి అను శాస్త్రజ్ఞుడు కప్పగుండెలపై ప్రయోగముచేసి ఈ రసాయనభాషను మొదట బయటపెట్టెను. ఈ విషము ఆ తుడుచు ఎంజైమును బంధించును. చెప్పిన ఆజ్ఞ చెరగదు. కన్నుపాప సూదిమొనవలె కుంచించుకొనిపోవును, నోటినుండి చొంగ కారును, ఊపిరితిత్తులు స్రావముతో నిండును. దీనికి విరుగుడు అట్రోపిన్. బెల్లడోనా అను మొక్కనుండి తొలుత తీసిన ఈ మందు మన ఉమ్మెత్తలోను గలదు. బెల్లడోనా, ఉమ్మెత్త, మిరప మూడును ఒకే వృక్షకుటుంబమునకు చెందినవనుట వృక్షశాస్త్రజ్ఞుడు మాత్రమే గమనించు బంధుత్వము.

అట్రోపిన్ ఇచ్చుట ఒక్కసారి సూది వేసి పోవు పని కాదు. రోగి ప్రక్కన నిలిచి, రొమ్ముపై స్టెతస్కోపు మోపి, గురగుర తగ్గినదా, నాడి ఎంత, కన్నుపాప ఎంత అని మాటిమాటికి చూచుచు మోతాదు సరిచూచుకొనవలెను. ఇందుకై తెల్లవార్లు మేలుకొనువారు ఎక్కువగా హౌస్ సర్జనులును విద్యార్థులునే. వారి కన్నులు కాగితముపైని అంకెలమీద నుండును. అట్లుండుటచేతనే రోగి బ్రతుకును. ఆ మంచము కాలు పట్టుకొని నేలపై కూర్చున్న ఇల్లాలు ఆ రాత్రి అంకెలలో ఎక్కడను కనబడదు. మూడవనాడు రోగి కన్నుతెరచి, ట్యూబు తీసిన పిమ్మట, పైరు ఎంత పోయినది, అప్పు ఎంత, ఎవరు ఏమన్నారు అని అడుగువాడుండవలెను. అడుగకున్నచో దేహమునుండి విషము పోయినను విషమునకు దారితీసినది పోదు. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనము చేసినపుడు గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు ప్రాణములు తీసికొన్నది మొదలు ఈ నేల ఆ ప్రశ్నను మరువలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మనోవేదనలో నున్నవానిగానే ఎంచవలెననియు, శిక్షింపరాదనియు, అతనికి చికిత్సయు పునరావాసమును సమకూర్చుట ప్రభుత్వపు విధియనియు చెప్పినది. చట్టము మారినది, మంచముప్రక్కన కూర్చుండి మెల్లగా మాటలాడుట మాత్రము ఎవరో ఒకరు చేయవలసిన పనిగానే యున్నది.

మన విద్యార్థికి ఆదర్శము ఎక్కడ దొరకును? దూరము పోనక్కరలేదు, అతడు చదువు పట్టణములోనే కలదు. గుంటూరు వైద్యకళాశాల 1946లో ఏర్పడుటకు ఆరు దశాబ్దముల ముందే, 1883లో, అన్నా సారా కుగ్లర్ అను అమెరికను వైద్యురాలు లూథరను మిషను తరఫున గుంటూరు చేరెను. పెన్సిల్వేనియాలోని స్త్రీల వైద్యకళాశాలలో పట్టము పొందిన ఆమెను, పంపినవారు మొదట వైద్యమునకు కాక స్త్రీల విద్యకే నియమించిరి. కాని పురుషవైద్యుని ఎదుట గడపదాటని ఇల్లాండ్రు, పురుటినొప్పులలో ఏ సహాయమును లేక ప్రాణములు విడుచు తల్లులు ఆమె కంటబడిరి. ఆమె తెలుగు నేర్చెను, ఇండ్లకు పోయెను, వినెను. ఆ వినికిడినుండియే చిన్న వైద్యశాలయు, 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రియు పుట్టినవి. తన కుటుంబమునకు జరిగిన వైద్యసహాయమునకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావుగారు ఆ ఆసుపత్రికి ఎదుట, రోగుల వెంట వచ్చిన బంధువులు బసచేయుటకు సత్రము కట్టించెను. ఈ సత్రపు సంగతి నాకెంతయో ప్రియమైనది. మన నేలలో రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. క్యారియరుతో, చాపతో, తల్లితో, తోడికోడలితో వచ్చును. వారు ఎచ్చట పడుకొందురో ఆలోచించినవాడు వైద్యము నేర్వకయే వైద్యములో సగము తెలిసికొనెను. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసెను.

బోస్టను నగరములో ఫ్రాన్సిస్ పీబాడీ అను ఆచార్యుడు 1926లో హార్వర్డు విద్యార్థుల ఎదుట రోగిని ఆదరించుటను గూర్చి చేసిన ప్రసంగమును గూడ ఇచ్చట స్మరింపవలెను. అది 1927లో అచ్చయి నేటికిని వైద్యవిద్యార్థులచే చదువబడుచున్నది. ప్రయోగశాలయందు ఆరితేరిన ఆ శాస్త్రజ్ఞుడు, కొత్త వైద్యులకు రోగముల యంత్రాంగము తెలిసినంతగా రోగులు తెలియుటలేదను ఫిర్యాదును మనస్సునకు పట్టించుకొనెను. ప్రసంగము అచ్చయిన యేడే, 45 ఏండ్లకే, కాన్సరుతో మరణించెను.

మన దేశములో ఈ చింత పాఠ్యప్రణాళికలోనికి ఎక్కుటకు చాలకాలము పట్టినది. 2019లో చేరినవారినుండి వైద్యవిద్యలో ప్రవర్తన, నీతి, సంభాషణ అనువానికి ప్రత్యేకముగ పాఠములు ఏర్పడినవి. వానిలో ఒకటి శవమును తొలిగురువుగా భావించుటను గూర్చినది. చాల కళాశాలలలో కత్తి పట్టుటకు ముందు విద్యార్థులు ఆ దేహమునకు గౌరవము చూపుదుమని ప్రతిజ్ఞ చేయుచున్నారు. చూచినదానిని, చూచినపుడు తమకు కలిగినదానిని విద్యార్థులు తమ పుస్తకములో వ్రాయవలెను. 2021-22లో చేరినవారు మొదలు ప్రతి విద్యార్థియు పల్లెలోని కొన్ని కుటుంబములను దత్తత తీసికొని, చదువుకాలములో మరల మరల వారి ఇండ్లకు పోవలెనను నియమము వచ్చినది. మొక్కుబడిగా సంతకములకై పోయినచో ఇది మరియొక హాజరుపట్టీ. నిజముగా పోయినచో, అరచేతుల మంట ఎచ్చట పుట్టుచున్నదో ఆ గోడౌనులోనే కనబడును. రక్తపోటు బిళ్ళలు కాలువగట్టు ఇంటిలో ఏ డబ్బాలో, ఏ ఎండకు మగ్గుచున్నవో కనబడును. చక్కెరరోగి అన్నము ఏ వేళకు తినుచున్నాడో, ఎందుకు ఆ వేళకే తినుచున్నాడో కనబడును. తిరిగివచ్చి వ్రాయు కాగితములో నేను చాల కరుణామయుడనైతినని వ్రాయుటకన్న, నేను ఏమి అడుగ మరచితినో వ్రాయుట ఎక్కువ విలువగలది. గురువులు అట్టి కాగితమునకే మార్కులు వేయుదురుగాక.

పొన్నూరులో వెలసిన దేవుని పేరు సాక్షి భావనారాయణస్వామి. కాశీయాత్రలో ఇచ్చిన మాటను ఊరు చేరిన పిదప మేనమామ కాదనగా, పేదవాడైన మేనల్లుని పక్షమున సాక్ష్యము చెప్పుటకు కాశినుండి దేవుడే నడచివచ్చెనని స్థలపురాణము. ఆ కథలో దేవుడు శత్రువును చంపలేదు, ధనరాశిని ప్రసాదింపలేదు. జరిగినది జరిగినదని చెప్పెను. ఆసుపత్రి బారులో నిలిచిన మిరపకూలికి వైద్యవిద్యార్థి చేయగలిగినది సరిగా ఇదియే: ఆమె చెప్పినదానిని ఆమె చెప్పినట్లే విని, కేసు షీటుపై నిలిపి, పెద్ద వైద్యుని ఎదుట ఆమె పక్షమున చదువుట.

చదువరులారా, ఇందులో మీకును పని కలదు. మీరో మీవారో గుంటూరు పెద్దాసుపత్రిలో పడకపై నున్నపుడు, మీసకట్టు సరిగా రాని ఒక పిల్లవాడో, రెండు జడల ఛాయ ఇంకను వదలని ఒక ఆడపిల్లయో పుస్తకముతో వచ్చి, పేరు, ఊరు, చేయు పని, బాధ ఎప్పుడు మొదలైనదని అడుగును. నిన్ననే వేరొకరు అడిగిరని విసుగు పుట్టును. పెద్ద డాక్టరు రానిమ్మని పంపివేయకుడు. ఓపిక ఉన్నంతవరకు కూర్చుండబెట్టి, మీ తెలుగులోనే, మొదటినుండి చెప్పుడు. మంటయైనచో మంటయనియే చెప్పుడు.